కీరా ముక్కకి కూడా లెక్క రాయాలా?

(మే నెలలో ఒక ఆదివారం సాయంత్రం, బెంగళూరు మారతహళ్ళి దగ్గర ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో అక్కడి తెలుగువాళ్ళ కోసం ఒక డైటీషియన్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. బయట మబ్బు పట్టింది. మే నెల బెంగళూరు వాన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నాలుగు చినుకులు పడగానే సగం మందికి బాల్కనీలో ఆరేసిన బట్టలు గుర్తొస్తాయి. అందుకని సోది లేకుండా విషయానికొచ్చేస్తాను.

నన్ను పిలిచినవాళ్ళు ఫోన్లో ఒకటే ప్రశ్న అడిగారు. "మేడమ్, మా గ్రూపులో ఓ ఇరవై మందిమి యాప్‌లో రోజూ కేలరీలు రాసుకుంటున్నాం. సగం మంది పండ్లు, కూరగాయలు కూడా రాస్తున్నారు. సగం మంది అవి లెక్కలోకే రావంటున్నారు. ఎవరు రైటు?" ఈ విషయంలో భార్యాభర్తలు కూడా చెరో జట్టులో ఉన్నారని విన్నాను. పేర్లు చెప్పనులెండి.

నేను ఏ జట్టులోనూ లేను. రాసేవాళ్ళు రాయనక్కర్లేనివి రాస్తున్నారు. రాయనివాళ్ళు రాయాల్సినవి వదిలేస్తున్నారు. ఈ మాట ఇప్పుడే చెప్పేశాను కాబట్టి వాన మొదలైతే వెళ్ళిపోవచ్చు. లేకపోతే కూర్చోండి, ఎందుకో చెప్తాను.

నా దగ్గరికి ఒక అబ్బాయి వచ్చేవాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఫోన్ తీసి నాలుగు వారాల లెక్క చూపించాడు. ఎంత శ్రద్ధ అంటే, కీరా దోసకాయ 80 గ్రాములు, 12 కేలరీలు. టమాట ఒకటి, 18 కేలరీలు. కొత్తిమీర కూడా రాశాడండీ! నేను ఇన్నేళ్ళలో కొత్తిమీరకి లెక్క రాసిన మనిషిని చూడలేదు. "మరి బరువు తగ్గడం లేదు మేడమ్" అన్నాడు. పొద్దున ఏం తిన్నావు నాయనా అంటే ఇడ్లీ నాలుగు అన్నాడు. రాశాడు. దేంతో తిన్నావు? పల్లీ చట్నీ. అది రాయలేదు. ఎందుకు రాయలేదు? "చట్నీయే కదా మేడమ్!"

చట్నీయే కదా. ఆ గిన్నెడు చట్నీలో గుప్పెడు పల్లీలు ఉన్నాయి. ముప్పై గ్రాముల పల్లీలంటే 170 కేలరీలు. పైన పోపు. ఆ అబ్బాయి రాసిన కీరా 12. కనీసం 14 రోజులు కీరా తింటే గానీ ఆ ఒక్క పూట చట్నీకి సమానం కాదు. మరి దేన్ని రాయాలి? దేన్ని వదలాలి?

అసలు ఈ అంకెలు ఎక్కడివో కొంచెం చెప్తాను, విసుక్కోకండి. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో విల్బర్ ఆట్వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. 1890లలో ఆయన మనిషి పట్టేంత గది ఒకటి కట్టించి, అందులో మనిషిని రోజుల తరబడి ఉంచి, చిన్న కిటికీలోంచి తిండి అందించి, ఆ మనిషి ఒంట్లోంచి వచ్చే వేడిని కొలిచాడు. తిన్నది కొలిచాడు, బయటికి పోయింది కూడా కొలిచాడు. అదెలా కొలిచాడో ఇప్పుడు వద్దులెండి, ఇక్కడ సమోసాలు పెట్టారు. మొత్తానికి ఆయన తేల్చిందే మీ యాప్ ఇవాళ్టికీ వాడుతోంది. పిండిపదార్థం గ్రాముకి 4, మాంసకృత్తులు గ్రాముకి 4, కొవ్వు గ్రాముకి 9.

అవి సగటు అంకెలు. నిన్నటి కీరాకి, ఇవాళ్టి కీరాకి తేడా ఉంటుంది. లేత బీరకాయకి, ముదురు బీరకాయకి తేడా ఉంటుంది. పీచు సంగతి సరేసరి. అది పూర్తిగా అరగదు, గ్రాముకి రెండు అని ఉజ్జాయింపుగా వేస్తారు. ఒక రోజు మొత్తం లెక్కలో యాభై, వంద ఎటూ తేడా వస్తుంది. అక్కడ కొత్తిమీర లెక్క రాయడమంటే, లారీని వేబ్రిడ్జి మీద తూచేటప్పుడు డ్రైవరు జేబులో చిల్లర తీసి పక్కన పెట్టమన్నట్టు.

మనకి మన పుస్తకం కూడా ఉంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన తిండి పదార్థాల పట్టిక వేసింది. 528 పదార్థాలు. యాప్‌లో వెతుక్కోవాల్సిన మన కూరలు, ఆకులు అందులో దొరుకుతాయి. కాకపోతే చిన్న మెలిక ఉంది, అందులో శక్తిని కిలోజౌళ్ళలో ఇచ్చారు. ఒకావిడ ఆ పేజీ ఫొటో తీసుకొచ్చి, "పాలకూర వంద గ్రాములకి వంద దాటిపోయింది, ఇక ఆకుకూరలు కూడా మానెయ్యాలా?" అని అడిగింది. కాదమ్మా, కేలరీలు కావాలంటే దాన్ని 4.18తో భాగించు. పాతికకి అటూ ఇటూ వస్తుంది. ఆవిడ పాపం రెండు రోజులు పాలకూర పప్పు వండలేదట.

సరే, ఆ పాతికే చూడండి. పాలకూర, తోటకూర, సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, క్యాబేజీ, టమాట, ముల్లంగి, వంకాయ, బెండకాయ. వీటిల్లో చాలావరకు వంద గ్రాములకి 15 నుంచి 35 లోపల ఉంటాయి. మిగతాదంతా నీళ్ళు. అదే సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల తిండికి రోజుకి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు పెట్టింది. అరకిలో! మీలో రోజూ అరకిలో తినేవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. ముగ్గురు. మూడో ఆయన పక్కన కూర్చున్న ఆవిడని చూసి దించేశారు, సరే ఇద్దరు.

ఆ ఇద్దరికి కూడా ఆ అరకిలోలో వచ్చేది 150, మహా అయితే 200 కేలరీలు. మిగతావాళ్ళకి అందులో సగం కూడా రాదు. దాని కోసం రోజూ తక్కెడ తీసి, తొక్క తీయకముందు తూచాలా తీశాక తూచాలా అని గూగుల్‌ని అడిగి... ఎందుకండీ అంత కష్టం?

కానీ ఇక్కడే రాయనివాళ్ళ జట్టు చప్పట్లు కొట్టబోతోంది. ఆగండి, ఆగండి.

"బీరకాయ కూర కాబట్టి రాయలేదు" అంటారు. అరకిలో బీరకాయలు, నలుగురు తినే కూర. కాయ మొత్తం కలిపి 100 కేలరీలు దాటదు. అందులో నూనె ఎంత పోశారు? "కొంచెమే." కొంచెమంటే? మన ఇళ్ళల్లో నూనె కొలత కళ్ళతో ఉంటుంది. మా అమ్మగారైతే మూకుడు అడుగు కనిపించకూడదు, అదీ ఆవిడ కొలత. పెద్ద చెంచాతో మూడు చెంచాల నూనె అంటే 360 కేలరీలు. కాయకి మూడున్నర రెట్లు. మీరు వదిలేసింది బీరకాయని కాదు, నూనెని. గుత్తివంకాయ అయితే ఇక చెప్పక్కర్లేదు. అరకిలో వంకాయలు 125. అందులో కూరే పల్లీలు, నువ్వులు, కొబ్బరి, పైన తేలే నూనె, అవన్నీ కలిపితే సులువుగా 800 దాటుతుంది. దాన్ని యాప్‌లో "వంకాయ, 100 గ్రాములు" అని రాసుకుని హాయిగా నిద్రపోతాం.

నూనె రోజూ కొలవాలంటే వంటింట్లో గొడవలవుతాయని నాకు తెలుసు. అత్తగారి చేతిలోంచి నూనె గిన్నె లాక్కుని కొలవమని నేను ఎవరికీ చెప్పను. ఇంకో దారి ఉంది. నెలాఖరుకి ఖాళీ నూనె ప్యాకెట్లు లెక్కపెట్టండి. లీటరు నూనె సుమారు 8,200 కేలరీలు. ఇంట్లో నలుగురు, నెలకి అయిదు లీటర్లు అయిపోయిందనుకోండి. 41,000. నలుగురికి ముప్పై రోజులకి పంచితే తలకి రోజుకి 340. ఆ 340ని రోజూ పొద్దున్నే యాప్‌లో ముందుగానే వేసేసుకోండి. ఇక ఏ కూరకీ నూనె విడిగా రాయక్కర్లేదు, కాయా రాయక్కర్లేదు. నేను చెప్పేవాటిలో ఇంటికెళ్ళి నిజంగా చేసేది ఇదొక్కటే అయినా నాకు చాలు. పోల్చి చూసుకోవడానికి చెప్తున్నాను, ఇందాక చెప్పిన 2024 పట్టికలో మనిషికి రోజుకి 27 గ్రాముల నూనె పెట్టారు. నలుగురికి నెలకి మూడున్నర లీటర్లు.

అలాగే కూరగాయల బుట్టలో ఉన్నవన్నీ కూరగాయలు కావు. బంగాళాదుంప, చేమదుంప, కంద, చిలగడదుంప, అరటికాయ, ఇవన్నీ వంద గ్రాములకి 80 నుంచి 120 దాకా పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినమంటుంది కదా, ఆ 400లో దుంపల్ని కలపదు. వాటిని అన్నం పక్కన పెట్టండి. అన్నం రాస్తున్నారా? అయితే చేమదుంప కూడా రాయండి. పచ్చి బఠానీ, మొక్కజొన్న అదే వరస. చలికాలంలో వచ్చే అనపకాయలు కూడా, అంటే సొరకాయ కాదు, గింజలు ఒలుచుకునే చిక్కుడు. మాది మదనపల్లె వైపు, ఇక్కడ కన్నడంవాళ్ళు అవరెకాళు అంటే మాకు ఇంటికెళ్ళినట్టుంటుంది. కానీ పితికిపప్పు చేసుకుని ఆకుకూర ఖాతాలో వేసుకుంటానంటే కుదరదు. పేరులోనే పప్పు ఉంది కదండీ. కొబ్బరి సంగతి అడగకండి, వంద గ్రాములకి 350 పైనే.

ఇప్పుడు పండ్లు. ఇక్కడ మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నేను కూడా ఇక్కడే బోల్తా పడ్డాను.

ఇంట్లో బరువు చూసుకునే మెషీన్ ఉంటుంది. అది రెండు కిలోలు ఎక్కువ చూపిస్తుందనుకోండి. నష్టమేమైనా ఉందా? రోజూ దానిమీదే ఎక్కుతారు, తగ్గారో పెరిగారో తెలిసిపోతుంది. రెండు కిలోల అబద్ధం రోజూ అదే అబద్ధం కాబట్టి ఫరవాలేదు. ఇబ్బంది ఎప్పుడు? ఓ రోజు రెండు ఎక్కువ, ఓ రోజు ఒకటి తక్కువ చూపిస్తే. అప్పుడు దాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యాల్సిందే.

కేలరీల పుస్తకం కూడా అంతే. మీరు రోజూ రెండు చిన్న ఏలక్కి అరటిపళ్ళు తింటారు, రాయరు. రోజుకి ఓ 90 తప్పు. రోజూ అదే 90. రెండు నెలల్లో బరువు చూసుకుని తగ్గకపోతే అన్నం కాస్త తగ్గిస్తారు, ఆ తప్పు దానంతటదే సర్దుకుంటుంది. కాబట్టి రోజూ ఒకేలా తినే పండు రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. కానీ మామిడిపండు?

నా సంగతే చెప్తాను. కొన్నేళ్ళ పాటు నేను కూడా పండ్లు రాసేదాన్ని కాదు. పండుకి లెక్కేమిటి అనుకునేదాన్ని. డైటీషియన్‌ని, చూడండి! ఏటా జూన్ అయ్యేసరికి రెండు కిలోలు పెరిగేదాన్ని. ఎండలకి వాకింగ్ మానేశాను, అందుకే అని నాకు నేను చెప్పుకునేదాన్ని. బెంగళూరు ఎండకి! చెప్తుంటే నాకే సిగ్గేస్తోంది. ఓ ఏడాది లాల్‌బాగ్‌లో మామిడి, పనస మేళాకి వెళ్ళి బాదామి, మల్లిక, రసపురి అన్నీ కలిపి పది కిలోలు మోసుకొచ్చాం. ఇంట్లో మేమిద్దరమే. వారంలో పెట్టె ఖాళీ. ఆ ఖాళీ పెట్టె చూశాక గానీ నాకు వెలగలేదు.

ఓ మాదిరి బంగినపల్లి పండులో గుజ్జు పావుకిలో ఉంటుంది. 150 కేలరీలు. ఒక పండుతో ఏమీ కాదు. మధ్యాహ్నం పెరుగన్నంలో ఒకటి, సాయంత్రం ఒకటి, రాత్రి ఫ్రిజ్ తలుపు తీసి నిలబడి ఒకటి... ఆ నవ్వులు ఎవరివో నాకు తెలుసు. 450. ఏప్రిల్ నుంచి జూన్ దాకా. మిగతా తొమ్మిది నెలలూ లేని 450. మెషీన్ ఓ రోజు ఒకలా, ఓ రోజు ఒకలా చూపించడమంటే ఇదే. పనసతొనలు కూడా ఇంతే, వంద గ్రాములకి 95. తొనలు ఎవరూ లెక్కపెట్టి తినరు, నాలుగు చేతులు ఒకే పళ్ళెంలో ఉంటాయి. సీతాఫలం, సపోటా కూడా ఆ దరిదాపుల్లోనే. వీటిని కాలం వచ్చినన్నాళ్ళూ రాయండి. గ్రాములొద్దు. ఎన్ని పళ్ళు అని రాస్తే చాలు.

ఎన్ని పళ్ళు అంటే ఒకటి గుర్తొచ్చింది. మీ యాప్‌లో "బనానా, మీడియం" అని ఉంటుంది, 105 కేలరీలు. ఆ మీడియం ఎవరి మీడియం? అమెరికావాళ్ళది. తొక్క తీశాక 118 గ్రాములు ఉంటుంది. మన వీధి చివర హాప్‌కామ్స్ కొట్టులో దొరికే ఏలక్కి అరటిపండు అందులో సగం కూడా ఉండదు. నాలుగు ఏలక్కి తిని 420 రాసుకుని, రాత్రి అన్నం మానేసిన మనిషి నాకు తెలుసు. పచ్చబాళె, అంటే పొడుగ్గా ఉండే పచ్చ అరటిపండు అయితే ఆ అంకె దాదాపు సరిపోతుంది. అరటిపండుకి పేరుంది, పేరు చూసి రాయండి.

జ్యూస్ గురించి ఎక్కువ చెప్పను. బత్తాయి మూడు పిండితే ఒక గ్లాసు, కొట్టువాడు అడక్కుండానే మూడు చెంచాల పంచదార. అది రాయాలి. మూడు బత్తాయిలు కూర్చుని ఒలుచుకుని తినేటప్పటికి నోరు నొప్పెడుతుంది, గ్లాసు మాత్రం ఫోన్ మాట్లాడుతూ అయిపోతుంది. బటర్‌ఫ్రూట్, అదే అవకాడో, జ్యూస్ అని ఈ ఊళ్ళో అందరూ తాగుతారు కదా, పండే వంద గ్రాములకి 160. ఆపైన పాలు, ఆపైన పంచదార. దాన్ని పండుగా కాదు, భోజనంగా రాయండి. ఎండుద్రాక్ష, ఖర్జూరం రాయండి. ద్రాక్ష వంద గ్రాములకి 70 దాకా ఉంటే, నీళ్ళు పోయి ఎండినవి వంద గ్రాములకి 300.

మరి ఇదంతా చెప్పాక మీరు ఇంటికెళ్ళి జామకాయకి భయపడితే మాత్రం నేను వచ్చి ఏం లాభం? రాత్రి తొమ్మిదయింది, యాప్‌లో ఇంకా వంద మిగిలింది. జామకాయ ఒకటి వంద. క్రీమ్ బిస్కెట్లు రెండు వంద. యాప్‌కి రెండూ ఒకటే. చేతిలో ఏది ఉంటే అదే తింటారు, బిస్కెట్టు ఎప్పుడూ చేతికి దగ్గరే. జామకాయ తింటే కడుపు నిండుతుంది. బిస్కెట్లు రెండు తింటే మూడోదాని మీద మనసు పోతుంది. అమెరికాలో వెయిట్ వాచర్స్ అని ఒక సంస్థ ఉంది, వాళ్ళు కేలరీల బదులు పాయింట్లు ఇస్తారు. 2010లో పద్ధతి మార్చినప్పుడు చాలామటుకు పండ్లకి సున్నా పాయింట్లు పెట్టేశారు. పండులో కేలరీలు ఉన్నాయని వాళ్ళకి తెలియదా? తెలుసు. సున్నా కనిపిస్తే చెయ్యి బిస్కెట్టు డబ్బా మీదికి కాక పండు మీదికి వెళ్తుందని. నాకు ఆ ఎత్తు నచ్చింది. మన మామిడికాలంలో మాత్రం పనిచేయదు, అంతే.

ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ మాటలేవీ మీకు కాదు. మీకు లెక్క కేలరీలది కాదు, పిండిపదార్థాలది. పండు కచ్చితంగా అందులోకి వస్తుంది. మీ డాక్టరు చెప్పినట్టే చెయ్యండి. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఏ పండు తినొచ్చన్నదే వేరే మాట. ఇంకొకటి, లెక్క తప్పిందని భోజనం మానేసే పిల్లలు, అద్దం ముందు ఏడ్చే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ళ ఫోన్లో ఈ యాప్ ఉండకూడదు. కీరా రాయాలా వద్దా అన్నది అక్కడ ప్రశ్నే కాదు.

నేను ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

సలాడ్ గురించా? ముక్కలు రాయకండమ్మా. పైన పోసేది రాయండి. నిమ్మకాయ, ఉప్పు అయితే అది కూడా వద్దు. మయొనైజ్ అయితే చెంచాలు లెక్కపెట్టుకోండి.

కొబ్బరినీళ్ళా? రోజూ ఒక బోండాం తాగేవాళ్ళయితే వదిలెయ్యండి. లోపల మీగడ గీకించుకుంటే? అది కొబ్బరే కదా సార్, లేతది. లేతగా నీళ్ళలా ఉంటే వదిలెయ్యండి, కొరికితే చప్పుడొస్తే రాయండి.

వెనక పెద్దాయన చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, చెప్పండి బాబాయిగారూ. ఆవకాయ... ఆవకాయ కూరగాయ కిందికి వస్తుందా పండు కిందికి వస్తుందా అని అడుగుతున్నారు. మే నెలలో అడగాల్సిన ప్రశ్నే అడిగారు. ముక్క పుల్ల మామిడికాయ, దానికి లెక్క వద్దు. ఊటకి మాత్రం రాయండి, అది నూనె. ఏమంటున్నారు? అన్నంలో కలుపుకునేది ఊటే కదా, ముక్క పళ్ళేనికి పక్కనే ఉండిపోతుంది కదా అంటున్నారా? అదేనండీ నేను గంట నుంచీ చెప్తున్నది.